లెక్కల్లో లోకం – 7: కరిగిన బెల్లం మళ్ళీ ముక్కైంది

ఈ వారం కథ ఒక సర్కారీ నివేదిక మొదటి పేజీతో మొదలుపెడతాను. నంబరు ఎల్ఏ-1940. అమెరికాలో న్యూమెక్సికో కొండల మీద, అణుబాంబు పుట్టిన లాస్ అలమోస్ ప్రయోగశాల నుంచి 1955 మే నెలలో వచ్చింది. పేరు చూస్తే ఎవరికీ చేతిలోకి తీసుకోవాలనిపించదు: నాన్‌లీనియర్ సమస్యల అధ్యయనాలు. ఆ పేజీలో రెండు జాబితాలున్నాయి. పని చేసినవాళ్ళు: ఫెర్మి, పాస్టా, ఉలామ్, త్సింగూ. నివేదిక రాసినవాళ్ళు: ఫెర్మి, పాస్టా, ఉలామ్.

పనికి నలుగురు, రాతకు ముగ్గురు. లోకం రాతనే గుర్తుపెట్టుకుంది. యాభై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం పుస్తకాలన్నీ దీన్ని ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ‘ఎఫ్‌పీయూ సమస్య’ అంటూ వచ్చాయి.

గత రెండు వారాలు చదివినవాళ్ళకు ఉలామ్ కొత్తవాడు కాదు. 1946లో మెదడువాపుతో మంచం పట్టి, పొద్దుపోక పేక ముక్కలతో ఒంటరాట ఆడుకుంటూ, యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్క తేల్చే మాంటీ కార్లో పద్ధతికి బీజం వేసిన పోలండ్ గణితవేత్త అతనే. ఆ పద్ధతిలో ఎనియాక్ అనే కంప్యూటరు మీద న్యూట్రాన్ల దారులు లెక్కగట్టడం దాకా వచ్చాం. అక్కడ యంత్రాన్ని వాడింది చేత్తో చెయ్యలేనంత పెద్ద లెక్కను త్వరగా తేల్చడానికి. ప్రశ్న ఏమిటో తెలుసు, జవాబు ఎలాంటిదై ఉంటుందో కూడా ఇంచుమించుగా తెలుసు. కావలసింది అంకె.

ఈ వారం సంగతి వేరు. ఇక్కడ యంత్రం పెద్దల మాటకు ఎదురు చెప్పింది.

యంత్రం పేరు మేనియాక్. నికొలస్ మెట్రోపోలిస్ అనే భౌతికశాస్త్రవేత్త ఆధ్వర్యంలో లాస్ అలమోస్‌లోనే కట్టారు. 1952 మార్చిలో పని మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ప్రతి కంప్యూటరుకూ పొడి అక్షరాలు కూర్చి ఓ వింత పేరు పెట్టేవారు. మెట్రోపోలిస్‌కి ఆ అలవాటంటే చిరాకు. పిచ్చివాడు అనే అర్థం వచ్చే పేరు పెడితే సిగ్గుపడి మానేస్తారనుకున్నాడు. మానకపోగా, ఇంకాస్త హుషారుగా పెట్టారు.

మేనియాక్‌కి ఉన్న జ్ఞాపకం 1,024 సంఖ్యలు, ఒక్కోదానికి 40 బిట్లు. మన లెక్కలో ఐదు కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో బంధువులు పంపే ‘శుభోదయం’ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. ఆ కాస్త జ్ఞాపకాన్నీ పాత టీవీ గొట్టాల్లాంటి వాటి తెరల మీద విద్యుత్ చుక్కలుగా నిలబెట్టేవారు. చుక్కలు ఆరిపోకుండా మళ్ళీ మళ్ళీ దిద్దుతూ ఉండాలి. వేసవిలో ముగ్గు పొడి గాలికి చెదిరిపోతుంటే వెంటవెంటనే మళ్ళీ వేస్తున్నట్టన్నమాట.

ఇంత కష్టపడి కట్టింది దేనికంటే హైడ్రోజన్ బాంబు లెక్కలకి. ఇది దాచాల్సిన సంగతి కాదు, మరిచిపోవాల్సింది అంతకంటే కాదు. ఆ యంత్రం మీద బాంబు పని తీరినప్పుడు మిగిలిన గంటలే శాస్త్రానికి దక్కాయి.

ఆ గంటల మీద కన్నేసినవాళ్ళలో ఎన్రికో ఫెర్మి ఒకడు. 1938లో నోబెల్, 1942 డిసెంబరులో చికాగోలో తొలి అణు రియాక్టరు. ఇవన్నీ అయిపోయిన మనిషి. చికాగోలో పాఠాలు చెప్పుకుంటూ వేసవుల్లో లాస్ అలమోస్ వచ్చేవాడు. కంప్యూటరు ముందు కూచోవడం గుమాస్తా పని అని అంత పేరున్నవాళ్ళు అనుకునే కాలంలో, 1952 వేసవిలో ఫెర్మి స్వయంగా మేనియాక్ మీద తన ప్రయోగాల లెక్కలు చేసుకున్నాడు. ఆ చవి తగిలాక, దీనికి తగ్గ ప్రశ్న ఏది అని ఉలామ్‌తో కలిసి వెతకడం మొదలుపెట్టాడు. కాగితం మీద తేలనిది కావాలి, యంత్రంలో పట్టేంత చిన్నదీ కావాలి. జాన్ పాస్టా వాళ్ళతో కలిశాడు. పాస్టా చదువు మధ్యలో ఆపి న్యూయార్క్‌లో పోలీసు ఉద్యోగం చేసి, యుద్ధం తర్వాత మళ్ళీ చదువుకుని డాక్టరేటు తెచ్చుకున్నవాడు. నాకు ఈ బృందంలో ఇష్టమైన సంగతుల్లో ఇదొకటి.

వాళ్ళు ఎంచుకున్న ప్రశ్న చూడటానికి బొమ్మలాటలా ఉంటుంది.

వీణ తీగను ఊహించండి. మీటితే మనకు ఒక్క స్వరమే వినిపిస్తుంది గానీ అందులో చాలా ఊపులు కలిసి ఉంటాయి. తీగ మొత్తం ఒకే విల్లులా వంగి ఊగడం మొదటి ఊపు. నడిమధ్య కదలకుండా రెండు ముక్కలుగా ఊగడం రెండోది. మూడు ముక్కలుగా మూడోది. ఇలా పైకి. పాఠ్యపుస్తకాల్లో కంపన రీతులంటారు. నేను ఊపులనే అంటాను.

ఇప్పుడు తీగ బదులు ముప్పై రెండు పూసల దండ అనుకోండి. పూసకీ పూసకీ మధ్య స్ప్రింగు. రెండు కొసలూ మేకులకు బిగించి ఉన్నాయి. స్ప్రింగు మంచి బాలుడైతే, అంటే రెట్టింపు సాగదీస్తే సరిగ్గా రెట్టింపు బలంతో లాగేదైతే, ఒక ఊపుకు ఇంకో ఊపుతో సంబంధం ఉండదు. మొదటి ఊపుతో మొదలుపెడితే ఎప్పటికీ మొదటి ఊపే. రెండోదానికి చిల్లిగవ్వ అప్పివ్వదు. దీన్నే లీనియర్ అంటారు.

నిజం స్ప్రింగులు అంత బుద్ధిమంతులు కావు. రబ్బరు బ్యాండుని లాగి చూడండి, ఒక హద్దు దాటాక బిగుసుకుపోతుంది. లెక్కకు మించిన ఆ కొసరు బలాన్ని చేర్చగానే ఊపుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలవుతాయి. అది నాన్‌లీనియర్. అక్కడ కాగితం, పెన్సిలు చేతులెత్తేస్తాయి.

జవాబు మాత్రం అందరికీ తెలుసనే అనుకున్నారు. గ్లాసు నీళ్ళలో బెల్లం ముక్క వేసి కలిపితే ఏమవుతుంది? కరుగుతుంది. కాసేపటికి అడుగూ పైనా అన్న తేడా లేకుండా గ్లాసంతా ఒకే తీపి. ఇక్కడ కూడా మొదటి ఊపుకు ఇచ్చిన శక్తి మెల్లగా రెండుకీ మూడుకీ పాకి, చివరికి అన్ని ఊపులకీ సమానంగా పంచుకుపోవాలి. వేడి అంటే ఏమిటో వివరించే శాస్త్రం మొత్తం ఈ నమ్మకం మీద నిలబడి ఉంది. ఫెర్మి 1923లో, ఇరవై రెండేళ్ళయినా నిండకముందే, ఇలాంటి వ్యవస్థలు మామూలుగా ఇలాగే కలిసిపోతాయని రుజువు చేశానంటూ ఒక వ్యాసం రాసి ఉన్నాడు. ముప్పై ఏళ్ళ తర్వాత అతను చూడదలచుకున్నది కలిసిపోతుందా లేదా అని కాదు, ఎంత సేపట్లో కలుస్తుంది అని.

ఒక మాట. ఇలా యంత్రంలో లెక్కగట్టి చూడటాన్ని, అంటే సిమ్యులేషన్‌ని, మన పత్రికల్లో ‘అనుకరణ’ అని రాస్తున్నారు. నాకు ఆ మాట గొంతు దిగదు. అనుకరణ అంటే మనకు గుర్తొచ్చేది నేరెళ్ళ వేణుమాధవ్ గారు. ఆయన ఒక నటుడి గొంతు పలికితే సభ చప్పట్లు కొట్టేది, ఎందుకంటే ఆ గొంతు సభకు ముందే తెలుసు. మిమిక్రీ గొప్పదనమంతా ఆ పోలికలోనే ఉంది. పూసల దండ లెక్కలో పోల్చి చూసుకోవడానికి అసలు గొంతే లేదు. అంతకుముందు ఆ దండను ఎవరూ అంతసేపు ఊపి చూడలేదు, చూడలేరు కూడా. నిజం స్ప్రింగుల్ని బల్ల మీద ఊపితే రాపిడికి, గాలికి కాసేపట్లోనే ఆగిపోతాయి. అంకెల్లో ఉన్న దండకు రాపిడి లేదు. దీనికి అనుకరణ కన్నా ‘అంకెల ప్రయోగం’ అనడమే సబబు.

ప్రయోగమన్నాక దాన్ని చేసే చేతులుండాలి. ఆ చేతులు మేరీ త్సింగూవి.

1928లో మిల్వాకీలో పుట్టింది. బల్గేరియా నుంచి వలస వచ్చిన గ్రీకు కుటుంబం. చిన్నతనంలో కొన్నేళ్ళు బల్గేరియాలోనే గడిపి, యుద్ధం ముదురుతుంటే 1940లో కుటుంబంతో తిరిగొచ్చింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గణితం డిగ్రీ 1951లో. అక్కడ డిఫరెన్షియల్ సమీకరణాలు చెప్పిన ఒక మహిళా ప్రొఫెసర్ సలహా మీద లాస్ అలమోస్‌కి దరఖాస్తు పెట్టింది. కొరియా యుద్ధానికి కుర్రాళ్ళు వెళ్ళిపోవడంతో గణితం తెలిసిన ఆడపిల్లలకు తలుపు తెరుచుకున్న సమయం అది. 1952లో చేరినప్పుడు చేతిలెక్కల విభాగంలో వేశారు. కొన్నాళ్ళకు మెట్రోపోలిస్ విభాగానికి, మేనియాక్ దగ్గరికి మారింది.

ఫెర్మితో ఆమెకు పెద్దగా మాటల్లేవు. ఎక్కువగా పనిచేసింది పాస్టాతో. ఫెర్మి కూతురు నెల్లా మాత్రం బాగా తెలుసు. ఫెర్మి దంపతులు వచ్చినప్పుడు ఉలామ్ ఇంట్లో దిగేవారు. తల్లిదండ్రులతో ఉండటం ఇష్టంలేక నెల్లా ఆడపిల్లల హాస్టల్లో మేరీ ఉన్నచోటికి చేరేది. ఇద్దరికీ ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు.

ఆమె చేసిన పనిని ‘కోడింగ్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. దగ్గరగా చూద్దాం, ఒకే ఒక్క పూసను, ఒకే ఒక్క అడుగులో. అంకెలు నేను వేసినవి.

మన పూస తన చోటు నుంచి 0.5 జరిగి ఉంది. కుడి పక్క పూస 0.8, ఎడమ పక్కది 0.4. అంటే కుడి స్ప్రింగు 0.3 సాగింది, ఎడమది 0.1. బుద్ధిగల స్ప్రింగు లెక్కన కుడివైపు లాగుడు 0.3 లోంచి 0.1 తీసేస్తే 0.2. ఇప్పుడు కొసరు బలం: 0.3 వర్గం 0.09, 0.1 వర్గం 0.01, తేడా 0.08, అందులో నాలుగో వంతు 0.02. మొత్తం 0.22. దాన్ని కాలపు అడుగు వర్గంతో గుణించాలి. వాళ్ళు తీసుకున్న విలువ ఎనిమిదో వంతు, కాబట్టి 0.0275. ఇక పూస కొత్త చోటు: ఇప్పుడున్న చోటుకు రెట్టింపు 1.0, అందులోంచి కిందటి అడుగులో ఉన్న చోటు, 0.48 అనుకుందాం, తీసేస్తే 0.52. దానికి 0.0275 కలిపితే 0.5475. అయిపోయింది. పక్క పూసకు వెళ్ళండి.

ముప్పై రెండు పూసలకు ఇలా చేస్తే కాలం ఒక్క అడుగు ముందుకు జరిగినట్టు. వాళ్ళు వేయించిన అడుగులు సుమారు 30,000. అంటే ఇలాంటి లెక్కలు తొమ్మిది లక్షల అరవై వేలు. ఒక్కోటి నిమిషంలో చెయ్యగల గట్టి గుమాస్తా రోజుకు ఎనిమిది గంటలు, ఆదివారాలు కూడా మానకుండా కూచుంటే ఐదున్నరేళ్ళు. మధ్యలో ఒక్కచోట తప్పు చేస్తే ఆ తర్వాతదంతా బూడిదే.

పైగా ఈ లెక్కను యంత్రానికి చెప్పడం ఎలా? ఫోర్ట్రాన్ లాంటి ప్రోగ్రాము భాష రావడానికి ఇంకా కొన్నేళ్ళుంది. ఏ సంఖ్య ఎక్కడుంది, ఎక్కడి నుంచి తీసి ఎక్కడ పెట్టాలి అనేది ఒక్కో ఆజ్ఞగా యంత్ర భాషలో రాయాలి. ఆజ్ఞలూ, పూసల చోట్లూ అన్నీ ఆ 1,024 గదుల్లోనే సర్దుకోవాలి. ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు పడకలు సర్దే ఇల్లాలి తెలివి కావాలి దీనికి. మేరీ చేత్తో గీసిన ఫ్లోచార్టు ఒకటి ఇప్పటికీ ఉంది. పైన కుడి మూల తేదీ: 5-20-55.

సరే, దండ ఊగింది. ఏమైంది?

మొదట అనుకున్నట్టే నడిచింది. మొదటి ఊపు శక్తి తగ్గుతూ వచ్చింది, రెండోది లేచింది, మూడోది అందుకుంది. ఒక దశలో ఒక్క రెండో ఊపు దగ్గరే మిగతా అన్నిటి దగ్గర కలిపినదానికన్నా ఎక్కువ శక్తి పోగైంది. తర్వాత పెత్తనం మూడోదానికి పోయింది. నాలుగో, ఐదో ఊపుల వరకూ ఈ చేబదులు నడిచింది. అంతకు పైనున్న ఊపులకు దక్కింది ఏదో పిడికెడు. ఊరందరికీ పంచాల్సిన పప్పుబెల్లాలు నాలుగిళ్ళ మధ్యే తిరుగుతున్నట్టు.

ఆ తర్వాత అసలు వింత. ఇచ్చినవన్నీ వెనక్కి రావడం మొదలైంది. ముప్పై వేల అడుగుల దగ్గరపడేసరికి శక్తి దాదాపు మొత్తం మొదటి ఊపుకే తిరిగి చేరింది. మొదలుపెట్టినప్పటికీ అప్పటికీ తేడా మూడు శాతానికి మించలేదు. గ్లాసులో కరిగిపోయిన బెల్లం మళ్ళీ ముక్కై అడుగున కూచుంది.

ఎవరికైనా ముందు వచ్చే అనుమానం యంత్రం మీదే. అందుకని బలం సూత్రం మార్చి చూశారు. వర్గం బదులు ఘనం పెట్టారు. ఒక హద్దు దాటాక ఒక్కసారిగా వాలు మారే స్ప్రింగు కూడా పెట్టారు. మొత్తం మూడు రకాలు. ఏ రకం పెట్టినా దండ కలిసిపోనంది. మూడు వేర్వేరు లెక్కల్లో అదే పొరపాటు జరిగిందనుకోవడం కష్టం.

ఫెర్మి దీన్ని చిన్న ఆవిష్కరణ అన్నాడని ఉలామ్ తర్వాత రాశాడు. తన పేరు మీదున్న ముప్పై ఏళ్ళ నాటి నమ్మకాన్ని ఐదు కిలోబైట్ల యంత్రం పక్కకు నెట్టేస్తే, చిరాకు పడకుండా ఆవిష్కరణ అనగలగడం అందరికీ చేతకాదు. అమెరికా గణిత సంఘం వారి గిబ్స్ ఉపన్యాసంలో దీని గురించి మాట్లాడాలనుకున్నాడు. ఆ అవకాశం రాలేదు. కడుపు క్యాన్సరుతో 1954 నవంబరు 28న చికాగోలో పోయాడు, యాభై మూడేళ్ళకే. మరో ఆరు నెలలకు నివేదిక వచ్చింది. అది బయటి లోకానికి విరివిగా అందింది 1965లో, ఫెర్మి సంపూర్ణ రచనల రెండో సంపుటంలో.

ఎందుకలా జరిగింది అన్న ప్రశ్న చాలామందిని తినేసింది. అదే 1954లో ఆమ్‌స్టర్‌డాం గణిత మహాసభలో రష్యా గణితవేత్త కొల్మొగొరోవ్ ఒక సిద్ధాంతం ప్రకటించి ఉన్నాడు. బలంలో కాస్త వంకర వచ్చినంత మాత్రాన పాత క్రమమంతా చెడిపోదని దాని సారాంశం. 1966లో సోవియట్ దేశంలోనే ఇజ్రైలెవ్, చిరికోవ్‌లు ఇంకో ముక్క చేర్చారు: దండను గట్టిగా ఊపితే, ఒక హద్దు దాటాక, శక్తి నిజంగానే కలిసిపోతుంది. ఫెర్మి బృందం నెమ్మదిగా ఊపింది.

అందరికీ నచ్చిన జవాబు 1965లో అమెరికాలో వచ్చింది. జబుస్కీ, క్రుస్కల్ అనే ఇద్దరు ఈ పూసల దండను దూరం నుంచి చూస్తే, అంటే పూసలు విడివిడిగా కనబడనంత దూరం నుంచి చూస్తే, దాని సమీకరణం లోతులేని నీళ్ళ మీద అలలకు 1895లో డచ్చివాళ్ళు కోర్టెవెగ్, డి వ్రీస్ రాసిన సమీకరణమే అవుతుందని పట్టుకున్నారు. దాన్నీ కంప్యూటరులో నడిపించారు. నునుపైన అల ఒకటి కొన్ని మూపురాలుగా విడిపోయింది. పొడుగు మూపురం వేగంగా, పొట్టిది నిదానంగా. ఒకదాన్నొకటి దాటేటప్పుడు గుద్దుకుని చెదిరిపోవాలి కదా? చెదరలేదు. ఒకదానిలోంచి ఒకటి దూరి, ఏమీ ఎరగనట్టు తమ రూపంతో తాము వెళ్ళిపోయాయి. వాటికి సాలిటాన్లు అని పేరు పెట్టారు. గుడి చుట్టూ వేర్వేరు వేగాలతో ప్రదక్షిణ చేసేవాళ్ళంతా ఎప్పుడో ఒకసారి ధ్వజస్తంభం దగ్గర ఒక్కచోటికి చేరినట్టు, ఈ మూపురాలు మళ్ళీ వరసకు వచ్చినప్పుడు మొదటి అల కనిపిస్తుంది. బెల్లం ముక్క రహస్యం అదే.

అలాంటి ఒంటి అలను స్కాట్లండ్ ఇంజనీరు జాన్ స్కాట్ రసెల్ 1834లోనే ఎడిన్‌బరో దగ్గర కాలువలో చూసి, గుర్రమెక్కి మైలుకు పైగా వెంబడించాడు. గాజు తీగల్లో వెలుగు కూడా ఇలా చెదరకుండా పోగలదని 1973లో సిద్ధాంతం చెబితే, 1980లో ప్రయోగంలో కనిపించింది. ఇదంతా వేరే వ్యాసానికి సరిపడా కథ.

మళ్ళీ మొదటి పేజీ దగ్గరికి వద్దాం. నివేదిక లోపల మేరీకి ఒక కృతజ్ఞతా వాక్యం ఉంది, చక్కగా కోడ్ రాసి లెక్కలు నడిపించినందుకు. ఒక్క వాక్యం. మోసం జరిగిందని నేననను. ఆ కాలం పద్ధతి అది. ప్రశ్న వేసినవాడు శాస్త్రవేత్త, యంత్రంతో మాట్లాడిన మనిషి సహాయకురాలు. 1953లో ఇదే మేనియాక్ మీద పుట్టి, ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న ‘మెట్రోపోలిస్ పద్ధతి’ వ్యాసానికి ఐదుగురు రచయితలు. దానికి కోడ్ రాసింది వాళ్ళలో ఒకరైన ఆరియానా రోజెన్‌బ్లుత్. ఆమెకు రచయితల వరసలో చోటైనా దొరికింది. పద్ధతికి పేరు మాత్రం వరసలో మొదటివాడిదే.

మేరీ ఆ దండను అంతటితో వదల్లేదు. 1958లో పెళ్ళై ఇంటిపేరు మెన్జెల్ అయింది. 1960ల మొదట్లో జేమ్స్ టక్ అనే భౌతికశాస్త్రవేత్తతో కలిసి, అప్పటికి వచ్చిన వేగమైన యంత్రాల మీద దండను ఇంకా చాలాసేపు ఊపించింది. తిరిగొచ్చినప్పుడు ఉండే ఆ కాస్త తేడా మొదట కొన్నిసార్లు పెరుగుతూ పోయి, మళ్ళీ తగ్గుతూ వచ్చి, పెద్ద చుట్టు తిరిగాక మొదటి ఊపు ఇంకా దగ్గరగా తన చోటికి చేరుతోందని తేలింది. చుట్టు మీద ఇంకో పెద్ద చుట్టు. ఆ వ్యాసం 1972లో టక్, మెన్జెల్ పేర్లతో అచ్చయింది. నివేదికలోని మిస్ త్సింగూ, ఈ మెన్జెల్ ఒకరేనని చదివేవాళ్ళకు తట్టే దారి లేదు. ఆమె 1991 దాకా లాస్ అలమోస్‌లోనే పనిచేసి రిటైరైంది.

2008లో ఫ్రాన్సు భౌతికశాస్త్రవేత్త థియరీ డోక్స్వా ‘ఫిజిక్స్ టుడే’ పత్రికలో ఆమె కథ రాసి, ఇకపై దీన్ని ఎఫ్‌పీయూటీ సమస్య అనాలని అడిగాడు. చాలామంది అంటున్నారు. అందరూ కాదు.

మీ ఇంట్లో బీటెకో, ఎమ్మెస్సీ ఫిజిక్సో చదివే పిల్లలుంటే పైన రాసిన ఒక్క పూస లెక్కను చూపించండి. పది పన్నెండు వరసల ప్రోగ్రాము చాలు, దండ మొత్తం వాళ్ళ లాప్‌టాప్‌లో క్షణాల్లో ఊగి తిరిగొస్తుంది. ఆ తర్వాత వాళ్ళ పుస్తకంలో ఎఫ్‌పీయూ అని ఎక్కడైనా కనబడితే, పక్కన పెన్నుతో ‘టీ’ అని రాయమనండి.

వచ్చే వారం: చివరి మూడు అంకెలు వదిలేస్తే వాతావరణమే మారిపోయిన లోరెంజ్ కథ.